మెరిసే కంపోస్ట్ కవర్లో జీడిపప్పు పోస్తే నిలుస్తుందా?

పలాస_పప్పు | కాశీబుగ్గ

అందరికీ నమస్తే. మాది కాశీబుగ్గలో చిన్న జీడి యూనిట్, నాన్నగారి కాలం నుంచి ఉంది. ఇన్నాళ్ళూ డబ్బాల్లో హోల్‌సేల్‌గా పంపడమే మా పని. ఈ మధ్యే పావు కిలో, అర కిలో ప్యాకెట్లు కట్టి నేరుగా కొనేవాళ్ళకి పంపుతున్నాం. హైదరాబాద్‌లో ఒక ఆర్గానిక్ షాపువాళ్ళు ప్లాస్టిక్ కవరైతే మాకు వద్దు, మట్టిలో కలిసిపోయే కవరైతేనే సరుకు తీసుకుంటాం అని కూర్చున్నారు. పేపరు కవర్లో పోస్తే మా సముద్రపు గాలికి పప్పు వారం తిరక్కుండా మెత్తబడిపోతుంది, అది వాళ్ళకి చెప్పినా వినరు.

నిన్న ఒక సేల్స్ అబ్బాయి వచ్చి శాంపిల్ కవర్లు ఇచ్చి వెళ్ళాడు. చూడ్డానికి అచ్చం చిప్స్ ప్యాకెట్ లాగే ఉన్నాయి, లోపల వెండి రంగు. మొక్కజొన్న పిండి నుంచి చేసిన ప్లాస్టిక్ అట, దాని మీద నానోమీటర్లలో అల్యూమినియం పూత అట, గాలీ తేమా లోపలికి రావట, పారేస్తే ఎరువైపోతుందట. ధర మాత్రం మామూలు కవరుకి చాలా పైనే చెప్పాడు.

నా అనుమానాలు ఇవీ. ప్లాస్టిక్ మీద లోహం పూస్తే ఆ వేడికి ప్లాస్టిక్ కరిగిపోదా? లోహం ఉన్నది మట్టిలో ఎలా కలుస్తుంది? అన్నిటికన్నా ముఖ్యం, పప్పు నాలుగైదు నెలలు పాత నూనె వాసన రాకుండా ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, మళ్ళీ ఆదివారం వస్తానన్నాడు.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

చెప్పడానికి ఏముందండీ, కళ్ళకు గంతలు కట్టడం. లోహం పూసిన ప్లాస్టిక్ ఎరువైపోతుందంటే నమ్మేవాళ్ళు ఉన్నారు కాబట్టే అమ్మేవాళ్ళు ఉన్నారు.

సన్నపొర | విజయనగరం

గట్టు గారూ, కొంచెం ఆగండి. నేను కొన్నేళ్ళు మెటలైజింగ్ ప్లాంటులో, అంటే ప్లాస్టిక్ మీద లోహం పూసే చోట, ఆపరేటర్‌గా చేశాను, ఇప్పుడు ఊరొచ్చి వేరే పని చూసుకుంటున్నాను. మొదటి ప్రశ్నకి నేను చెప్తాను.

చిప్స్ ప్యాకెట్ లోపల మెరిసేది అల్యూమినియం రేకు కాదు. రేకు ఎంత పల్చగా చేసినా ఆరేడు మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. ఈ పూత 30 నుంచి 50 నానోమీటర్లు, అంటే రేకులో నూట డెబ్బయ్యో వంతు దగ్గర ఉంటుంది. దీన్ని బ్రష్‌తో పూయరు, కరిగించి పోయరు. పెద్ద ఉక్కు గదిలో గాలి మొత్తం లాగేస్తారు. లోపల వరసగా సిరామిక్ బోట్లు (పడవ ఆకారంలో ఉండే చిన్న తొట్లు) ఉంటాయి, వాటికి కరెంటు ఇచ్చి 1,400–1,500 డిగ్రీల దాకా కాలుస్తారు. అల్యూమినియం తీగ వాటి మీదకి సన్నగా దిగుతూ ఉంటుంది, తగిలిన వెంటనే కరిగి ఆవిరైపోతుంది. పైన ఫిల్మ్ ఒక రోల్ నుంచి ఇంకో రోల్‌కి నిమిషానికి వందల మీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. అన్నం గిన్నె మూతకి ఆవిరి పట్టినట్టు ఆ లోహపు ఆవిరి ఫిల్మ్‌కి పడుతుంది. గాలి ఎందుకు లాగాలంటే, గాలి ఉంటే లోహపు అణువులు దారిలోనే దాన్ని గుద్దుకుని పక్కకి పోతాయి, ఆక్సిజన్‌తో కలిసి బూడిద రంగు తిరుగుతాయి, మెరుపూ రాదు, పట్టూ రాదు.

ఇక వేడి. మొక్కజొన్న ప్లాస్టిక్ అన్నది పీఎల్‌ఏ అయి ఉంటుంది, పాలీలాక్టిక్ యాసిడ్. పిండిలో చక్కెరని పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ చేస్తారు, దాన్ని గొలుసులుగా కలిపితే పీఎల్‌ఏ. ఇది 55–60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది. 1,400 డిగ్రీల బోటు మీదుగా అది ఎలా బతుకుతుందంటే రెండు కారణాలు. బోటు మీద అది ఉండేది సెకనులో చిన్న ముక్కంత సేపు. రెండోది, ఆ సమయంలో ఫిల్మ్ వీపు మంచుగడ్డ కన్నా చల్లగా ఉంచిన పెద్ద డ్రమ్ముకి ఆనుకుని ఉంటుంది, వచ్చిన వేడిని వచ్చినట్టే అది లాగేస్తుంది. డ్రమ్ముకి ఫిల్మ్‌కి మధ్య ఒక్క ముడత పడిందా, అక్కడ వేడి నిలిచి గీతలు గీతలుగా కాలిపోతుంది. మామూలు చిప్స్ కవరు ప్లాస్టిక్ పాలిప్రొపిలీన్ మీద ఆ తప్పు కొంత వరకు చెల్లుతుంది కానీ పీఎల్‌ఏ మీద చెల్లదు. ఇంకోటి, పీఎల్‌ఏ తేమ పీల్చుకుంటుంది. ఆ తేమ వాక్యూమ్‌లో బయటికొస్తూ పూతని పాడు చేస్తుంది, అందుకే రోల్‌ని ముందు బాగా ఆరబెట్టాలి. లోహం అతుక్కోవడానికి పూతకి ముందు ప్లాస్మాతో (కరెంటుతో రగిల్చిన వాయువుతో) ఫిల్మ్ ముఖాన్ని శుభ్రం చేస్తారు. మొత్తమ్మీద చెయ్యడం కుదిరే పనే, పెద్ద కంపెనీలు చేస్తున్నాయి కూడా. మీ శాంపిల్ ఎవరు ఎంత జాగ్రత్తగా చేశారన్నదే ప్రశ్న.

పలాస_పప్పు | కాశీబుగ్గ

ధన్యవాదాలు మాస్టారూ, ఇప్పుడు కొంచెం అర్థమైంది. అంత పల్చని పొర గాలిని ఎలా ఆపుతుంది మరి? గాలి లాగేసి నైట్రోజన్ నింపి కడతాం మేము, అది లోపల నిలవాలి కదా.

పైడిభీమవరం_క్యూసీ | రణస్థలం

మందుల కంపెనీలో క్వాలిటీలో చేస్తాను, ప్యాకింగ్ లోపల తేమతో రోజూ యుద్ధమే నాకు. లోహం అణువులు దగ్గరదగ్గరగా పేర్చుకుని ఉంటాయి కాబట్టి వాటి మధ్యలోంచి ఆక్సిజన్ గానీ నీటి ఆవిరి గానీ దూరలేవు. పొర ఎంత పల్చనిదన్నది పెద్ద విషయం కాదు, దాంట్లో ఎన్ని చిల్లులున్నాయన్నదే విషయం. దుమ్ము పడ్డ చోట లోహం పట్టదు, అక్కడొక సూది మొన కన్నా చిన్న చిల్లు మిగులుతుంది. లోపలికి వచ్చే గాలి దాదాపు అంతా ఆ చిల్లుల్లోంచే.

పీఎల్‌ఏకి ఈ పూత ఎంత అవసరమో చెప్తాను. 38 డిగ్రీలు, 90 శాతం తేమ దగ్గర పరీక్ష పెడితే మామూలు చిప్స్ కవరు పాలిప్రొపిలీన్ చదరపు మీటరుకి రోజుకి 10 గ్రాముల లోపే నీటి ఆవిరిని వదులుతుంది. అదే మందం పీఎల్‌ఏ అయితే వంద గ్రాములు దాటిపోతుంది. ఆ 38, 90 అన్నవి ల్యాబ్ అంకెలే, మన జూన్ ఉక్కపోత కన్నా కఠినమే, కానీ మనకి దగ్గరగా ఉండే పరీక్ష అదే. అంటే పూత లేని కంపోస్ట్ కవరు జీడిపప్పుకి పనికిరాదు, ఎవరేం చెప్పినా. పూత పడితే అది పదుల రెట్లు తగ్గుతుంది. వెలుతురు కూడా ఆగుతుంది, పప్పులో నూనె పాడవడానికి వెలుతురు కూడా ఒక కారణం.

మీరే చూసుకోగలిగిన పరీక్ష ఒకటి. చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి వేసి కవరు ఒక పొరని దానికి అడ్డం పెట్టండి. మంచి పూత అయితే వెలుగు నూటికి ఒక వంతు కూడా బయటికి రాదు, మసకగా కనిపిస్తుందంతే. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే అవే చిల్లులు. ఆ తర్వాత అదే కవరుని చేత్తో నలిపి, మడిచి, మళ్ళీ చూడండి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

సన్నపొర | విజయనగరం

క్యూసీ గారు చెప్పిన రెండో పరీక్షే అసలైనది. ప్లాస్టిక్ సాగుతుంది, దాని మీద ఉన్న అల్యూమినియం పొర అంత సాగదు, రెండు మూడు శాతం సాగేసరికే పగుళ్ళు వస్తాయి. పీఎల్‌ఏ ఫిల్మ్ పైగా బిరుసు. మడతల దగ్గర, కింద గస్సెట్ (కవరు నిలబడడానికి అడుగున వేసే మడత) మూలల్లో పగిలిపోతుంది. 2010లో అమెరికాలో సన్‌చిప్స్ వాళ్ళు పీఎల్‌ఏ కవరు తెచ్చి, అది పట్టుకుంటే చేసే చప్పుడికి జనం గోల పెడితే చాలా రకాలకి వెనక్కి తీసుకున్నారు. ఆ చప్పుడంతా బిరుసుతనమే.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

సరే, పూత పడుతుంది, గాలి ఆగుతుంది, ఒప్పుకుంటాను. నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. ఆ అల్యూమినియం ఎక్కడికి పోతుంది? మా తోట మట్టిలోకే కదా? నానో నానో అంటున్నారు, నానో అంటేనే భయం నాకు.

రిటైర్డ్_కెమిస్ట్రీ | శ్రీకాకుళం

గట్టు గారికి లెక్క వేసి చూపిస్తాను, పాత అలవాటు.

చదరపు మీటరు ఫిల్మ్ మీద 40 నానోమీటర్ల అల్యూమినియం అంటే బరువు 0.11 గ్రాము. పావు కిలో జీడిపప్పు కవరు 15 సెంటీమీటర్లు 20 సెంటీమీటర్లు అనుకుంటే రెండు వైపులా కలిపి 6 మిల్లీగ్రాముల చిల్లర. అంటే వెయ్యి కవర్లు పారేస్తే ఆరున్నర గ్రాముల అల్యూమినియం. భూమి పైపొరలో బరువు లెక్కన సుమారు 8 శాతం అల్యూమినియమే, మీ తోటలో ఎర్రమట్టి పారెడు తీస్తే అందులో ఉన్నదాని ముందు ఈ కవరులోది లెక్కలోకి రాదు. పైగా అంత పల్చని పొర తడిలో, వేడిలో లోహంగా నిలవదు. నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయిపోతుంది, బంకమట్టిలో ఉండే సరుకుకి దగ్గరి చుట్టమే అది. ఇది పొడి కాదు, పొర. కాబట్టి నానో అన్న మాట వినగానే భయపడక్కర్లేదు. మట్టి బాగా పులిసి ఆమ్లగుణం ఎక్కువైతే అల్యూమినియం కరిగి వేర్లకి హాని చేస్తుందన్నది నిజమే కానీ, అక్కడ కూడా హాని చేసేది మట్టిలో ముందే ఉన్న అల్యూమినియమే.

కంపోస్ట్ కవర్లకి యూరప్‌లో ఈఎన్ 13432 అని ఒక ప్రమాణం ఉంది. కుళ్ళే గుణం లేని పదార్థం ఏదైనా ఒక శాతం లోపు ఉంటే దానికి విడిగా కుళ్ళే పరీక్ష అడగరు, అలాంటివన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. మన కవరు పొరలన్నీ కలిపి చదరపు మీటరుకి 75 గ్రాములు అనుకుంటే అల్యూమినియం 0.15 శాతం కూడా లేదు. ఆ ప్రమాణంలో పరిమితి పెట్టిన లోహాల జాబితా ఒకటుంది, సీసం, కాడ్మియం, పాదరసం, రాగి, జింకు, నికెల్ వగైరా. అల్యూమినియం ఆ జాబితాలోనే లేదు.

కాబట్టి లోహం వల్ల కంపోస్ట్ ఆగదు. ఆగేది పీఎల్‌ఏ వల్ల. అది ఎరువవ్వాలంటే 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి తేమగా ఉండాలి, అది పెద్ద కంపోస్ట్ యార్డులో కుదిరే పని. మన పెరట్లో పెంటగుంట నాలుగు రోజులు వేడెక్కి చల్లారిపోతుంది. 30 డిగ్రీల మట్టిలో పూడిస్తే పీఎల్‌ఏ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది, దాని మీద లోహం ఉన్నా లేకపోయినా.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

అదిగో. చివరికి నేనన్న చోటికే వచ్చారు. మన జిల్లాలో అలాంటి యార్డు ఎక్కడుందండీ? కవరు హైదరాబాద్ వెళ్తుంది, అక్కడ కూడా తడిచెత్త పొడిచెత్త కలిపే తీసుకెళ్తారు. చెత్త ఏరుకునేవాళ్ళకి కూడా అది పనికిరాదు.

రిటైర్డ్_కెమిస్ట్రీ | శ్రీకాకుళం

ఆ విషయంలో మీతో నాకు పేచీ లేదు. అది అల్యూమినియం మీద వెయ్యాల్సిన నింద కాదు, అంతవరకే నేనన్నది.

భీమాళి_తాండ్ర | ఎల్.కోట

నేనూ అడగొచ్చా? మాది మామిడి తాండ్ర, ఇంట్లో ఆడవాళ్ళం నలుగురం కలిసి చేస్తాం. ఆ కవరు మాకూ పనికొస్తుందా? తాండ్రకి వానాకాలం తేమే శత్రువు, జిగురు తేలిపోతుంది.

పైడిభీమవరం_క్యూసీ | రణస్థలం

అమ్మా, తాండ్రకి తేమ ఆగడం ఎంత ముఖ్యమో పులుపు విషయం కూడా అంతే ముఖ్యం. మామిడిలో ఆమ్లం అల్యూమినియానికి నేరుగా తగిలితే 40 నానోమీటర్ల పొర ఎక్కువ కాలం బతకదు, మచ్చలు మచ్చలుగా మాయమవుతుంది. అందుకే లోహం ఎప్పుడూ మధ్యలో ఉండాలి, సరుకు వైపు ఇంకో ఫిల్మ్ ఉండాలి. ఎలాగూ అది కావాలి, ఎందుకంటే లోహాన్ని లోహానికి వేడి పెట్టి అతికించలేం, సీలు వేసేది లోపలి ఫిల్మే. కంపోస్ట్ కవర్లలో ఆ లోపలి పొర సాధారణంగా పీబీఏటీ కలిపింది గానీ పీబీఎస్ గానీ ఉంటుంది, రెండూ కుళ్ళే ప్లాస్టిక్ రకాలే. ఆ పొర ఏదో, పొరల మధ్య జిగురు ఏదో అడగండి. పూత వేసిన ఫిల్మ్, లోపలి పొర, జిగురు, ఈ మూడింటిలో ఒక్కటి కంపోస్ట్ కాకపోయినా మొత్తం కవరు కాదు.

బొబ్బిలి_కుర్రోడు | బొబ్బిలి

మీరంతా కవర్ల గొడవలో ఉన్నారు గానీ నాది వేరే ప్రశ్న. నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది, పీఎల్‌ఏ తీగతోనే ప్రింట్ చేస్తాను. జ్ఞాపికల కోసం చిన్న చిన్న బొబ్బిలి వీణలు చేస్తున్నాను. (పనస చెక్కతో చేసేవాళ్ళు నన్ను తిట్టుకోకండి, వాళ్ళ పని వాళ్ళదే, ఇది వంద రూపాయల సరుకు.) వాటికి ఇత్తడి మెరుపు రావాలి. ఈ వాక్యూమ్ పూత నా వీణకి వేయించొచ్చా? ఒకసారి కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే ఎండకి మెడ వంగిపోయింది, ఆ భయం కూడా ఉంది.

సన్నపొర | విజయనగరం

తమ్ముడూ, వేయించొచ్చు. ప్రైజు కప్పుల మీద బంగారు రంగు చూస్తావు కదా, వాటిలో చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్ మీద వాక్యూమ్‌లో వేసిన అల్యూమినియమే, పైన పసుపు లాకరు (వార్నిష్ లాంటి పూత). కానీ ప్రింట్ చేసిన వస్తువు మీద గీతలు ఉంటాయి, పూత వాటిని కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. అందుకే ముందు ఒక లాకరు కొట్టి నున్నగా చేసి, దాని మీద లోహం, దాని మీద మళ్ళీ లాకరు. ఆ లాకర్లు మట్టిలో కలవవు. జ్ఞాపికని ఎవరూ పెంటలో వెయ్యరు కాబట్టి నష్టం లేదు, కానీ అమ్మేటప్పుడు పర్యావరణం అని మాత్రం రాయకు. మెడ వంగిన సంగతి అంటావా, అది పీఎల్‌ఏ స్వభావం, మూసిన కారులో మే నెల ఎండకి 60 దాటిపోతుంది. పల్చని పూత దాన్ని నిలబెట్టదు. పలాస అన్నయ్య కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, మీ కవర్లు లారీలో టార్పాలిన్ కింద ఎంత వేడెక్కుతాయో చూసుకోండి.

విజీనగరం_ఎంటెక్ | విజయనగరం

ఈ చర్చ ఇప్పుడే చూశాను, నా ప్రాజెక్టుకి దగ్గరగా ఉంది కాబట్టి ఆగలేకపోతున్నాను. నేను చేసేది పీఎల్‌ఏ మీద మెగ్నీషియం. కవర్ల కోసం కాదు, సర్క్యూట్ల కోసం.

2012లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో జాన్ రోజర్స్ గారి బృందం నీళ్ళలో కరిగిపోయే ఎలక్ట్రానిక్స్ చేసి చూపించింది. తీగల చోట మెగ్నీషియం, అడుగున పట్టు, మధ్యలో చాలా పల్చని సిలికాన్. శరీరంలో పెట్టి పని అయిపోయాక మళ్ళీ కోసి తియ్యక్కర్లేకుండా కరిగిపోవాలన్నది ఆలోచన. అప్పటినుంచి అడుగు పొరగా పీఎల్‌ఏ, దాని బంధువు పీఎల్‌జీఏ, లోహంగా మెగ్నీషియం, జింకు, మాలిబ్డినం, ఇనుము, టంగ్‌స్టన్ వాడుతున్నారు. మెగ్నీషియం నీటితో కలిస్తే హైడ్రాక్సైడూ హైడ్రోజనూ వస్తాయి. ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక మైక్రాను మందం వేసినా బరువు 0.17 మిల్లీగ్రాము, మనం రోజూ తిండిలో తినేదే మూడు నాలుగు వందల మిల్లీగ్రాములు.

నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, ఏ పనికి ఏ లోహం అన్నదే ఇందులో సగం పని. గాలి ఆపాలంటే అల్యూమినియం, చవక, ఆవిరి తేలిక. కరెంటు పారాలి, తర్వాత కరిగిపోవాలి అంటే మెగ్నీషియం. క్రిములు చావాలంటే వెండి, రాగి. ఈ చివరివి బోటులో ఆవిరి చేసే కన్నా స్పటరింగ్ అనే పద్ధతిలో వేయడం ఎక్కువ. ఆర్గాన్ గ్యాస్‌ని ప్లాస్మా చేసి ఆ అయాన్లతో లోహపు పలకని కొడితే అణువులు రాలి ఎదురుగా ఉన్న పీఎల్‌ఏ మీద పడతాయి. నెమ్మదిగా సాగే పద్ధతి, కానీ పట్టు బాగుంటుంది. నా బాధ ఏంటంటే ఎక్కువసేపు నడిపితే పీఎల్‌ఏ వేడెక్కి వంకర తిరుగుతుంది, ఆపి ఆపి నడపాలి. దాని మీద రోజులు పోతున్నాయి, గైడ్ గారు రిజల్ట్స్ ఏవి అంటారు, అదో టెన్షన్.

పలాస_పప్పు | కాశీబుగ్గ

తమ్ముడూ క్రిములు చావడం అన్నావు చూడు, ఆ సేల్స్ అబ్బాయి కూడా ఇంకో శాంపిల్ చూపించాడు. కొంచెం ఎర్రగా ఉంది, రాగి పూత అట, బూజు పట్టదట, అది కూడా కంపోస్టే అన్నాడు. బుడితి ఇత్తడి చెంబులో నీళ్ళు మంచివని మా అమ్మ ఎప్పుడూ అంటుంది కాబట్టి నాకు అది నచ్చింది.

రిటైర్డ్_కెమిస్ట్రీ | శ్రీకాకుళం

ఇక్కడ ఆగాలి. రాగికి క్రిముల్ని చంపే గుణం ఉన్నది నిజం, 2008లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రాగి మిశ్రమాలని ఆ పేరుతోనే రిజిస్టర్ చేసింది. బుడితి చెంబుకి ఇబ్బంది లేదు, దాన్ని ఎవరూ ఎరువు చెయ్యరు. కవరు సంగతి వేరు.

ఇందాక చెప్పిన ఈఎన్ 13432లో రాగికి పరిమితి కిలోకి 50 మిల్లీగ్రాములు. చదరపు మీటరుకి 75 గ్రాముల కవరు మీద 40 నానోమీటర్ల రాగి వేస్తే లెక్క కిలోకి సుమారు 4,800 మిల్లీగ్రాములకి వస్తుంది. తొంభై రెట్లు దాటింది. సరే పల్చగా వేద్దాం, ఒక్క నానోమీటరే వేద్దాం అన్నా 119 వస్తుంది, అప్పటికీ పాస్ కాదు. జింకుకి పరిమితి 150, అది కూడా అదే దారి. అల్యూమినియానికి 0.15 శాతం ఉన్నా ఇబ్బంది లేదు, రాగికి అందులో పదో వంతున్నా ఫెయిలే. క్రిముల్ని చంపే గుణం కోసమే కదా రాగి వేసింది, ఎరువు చేసేది కూడా క్రిములే మరి. వాటిని చంపే సరుకు పొలంలో పోగుపడకూడదనే ఆ పరిమితి. రాగి పూతా ఉంది, కంపోస్ట్ సర్టిఫికెట్టూ ఉంది అని ఎవరైనా అంటే సర్టిఫికెట్ కాగితం మీద ఏ కవరు పేరుందో చూడండి, పూత లేని ఫిల్మ్‌కి తెచ్చుకున్న కాగితం అయి ఉంటుంది.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

మాస్టారూ, ఈ ఒక్క లెక్కకి మీకు దండం. ఇది నాకు తెలీదు.

విజీనగరం_ఎంటెక్ | విజయనగరం

సార్ చెప్పింది కరెక్ట్. నా జాబితాలో మాలిబ్డినం కూడా ఉంది, దానికి పరిమితి ఇంకా కిందే, కిలోకి 1. శరీరంలో కరిగే వస్తువు వేరు, పొలంలో కలిసే వస్తువు వేరు, రెండింటికీ ఒకే కొలత పెట్టలేం. పుండు మీద కట్టే పట్టీకి వెండి పూసిన పీఎల్‌ఏ వాడితే అర్థముంది, అది ఆసుపత్రి చెత్తలోకి పోతుంది. జీడిపప్పుకి వెండీ అక్కర్లేదు, రాగీ అక్కర్లేదు. పప్పులో తేమ 5 శాతం లోపు ఉండి, ఆక్సిజన్ లేకపోతే బూజు ఎలాగూ పెరగదు.

పైడితల్లి_బిడ్డ | విజయనగరం

మధ్యలో దూరుతున్నాను క్షమించాలి. పండక్కి స్టేజీ అలంకరణ పని చేస్తాం మేము. తళుకులు, చెమ్కీ కాగితాలు సంచులకొద్దీ వాడతాం, సిరిమానోత్సవం మర్నాడు రోడ్డంతా అవే. ఇలాంటి కరిగే తళుకులు ఉంటాయా?

సన్నపొర | విజయనగరం

ఉంటాయి. మామూలు తళుకు అంటే పాలిస్టర్ ఫిల్మ్‌కి ఇదే అల్యూమినియం పూత వేసి సన్నగా కోసినదే. దాని బదులు చెట్ల గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ ఫిల్మ్‌కి పూత వేసి కోస్తున్నారు. యూరప్‌లో 2023 అక్టోబరు 17 నుంచి విడి ప్లాస్టిక్ తళుకుల అమ్మకం ఆపేశారు, దాంతో ఇవి పెరిగాయి. సెల్యులోజ్ మామూలు మట్టిలో కూడా కుళ్ళుతుంది, 58 డిగ్రీలు అడగదు. నన్నడిగితే లోహం పూసిన కుళ్ళే ఫిల్మ్ అన్నదానికి అందరికన్నా ఎక్కువ అర్థం ఉన్న చోటు ఇదే, ఎందుకంటే తళుకుని ఎవరూ ఏరి యార్డుకి పంపలేరు, పడ్డ చోటే ఉంటుంది. ధర అడగొద్దు, మన దగ్గర రిటైల్‌లో దొరకడం కష్టం.

మోడరేటర్

పలాస_పప్పు గారూ, మీరు పెట్టిన శాంపిల్ ఫోటోలో కంపెనీ పేరు కనిపిస్తోంది, తీసేశాను. పేర్లు లేకుండా మాట్లాడుకుందాం.

పలాస_పప్పు | కాశీబుగ్గ

సరేనండీ. టార్చి పరీక్ష చేశాను. నలపక ముందు బాగుంది, అక్కడక్కడా రెండు మూడు చుక్కలు. గట్టిగా నలిపి చూస్తే మడతల వెంట సన్నటి గీతలుగా వెలుగు వచ్చింది. నా మామూలు కవరు కూడా అలాగే నలిపి చూశాను, దానికీ వచ్చాయి కానీ తక్కువ. రాగి కవరు పక్కన పడేశాను. ఇప్పుడు ఆదివారం అతన్ని ఏం అడగాలో చెప్పండి, నేను చదువుకున్నది ఇంటరే, ఇవన్నీ అతను గడగడా చెప్తే నోరు మూసుకుని వినాల్సి వస్తుంది.

పైడిభీమవరం_క్యూసీ | రణస్థలం

ఎక్కువ అడక్కండి, కాగితాలు అడగండి. మన దేశంలో కంపోస్ట్ ప్లాస్టిక్ అని అమ్మాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రకారం పరీక్ష జరిగి ఉండాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. అది పూత వేసి, జిగురు పెట్టి, ముద్రణ కూడా అయిన పూర్తి కవరుకి ఉందా లేక ఉత్త ఫిల్మ్‌కి ఉందా చూడండి. తర్వాత నీటి ఆవిరి, ఆక్సిజన్ రిపోర్టు. అందులో 38 డిగ్రీలు 90 శాతం అని ఉందో, 23 డిగ్రీలు 50 శాతం అని ఉందో చూడండి. రెండోది ఏసీ గది లెక్క, మన కాశీబుగ్గ లెక్క కాదు. నలిపిన తర్వాత చేసిన రిపోర్టు ఉంటే ఇంకా మంచిది, ఆ పరీక్ష పేరు గెల్బో ఫ్లెక్స్, ఆ పేరు చెప్పి అడిగితే అతనే కొంచెం తగ్గి మాట్లాడతాడు. ఆహారానికి తగిలే ప్యాకింగ్ కాబట్టి 2018 ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకేజింగ్ నిబంధనల కాగితం కూడా.

ఇంకో మాట. ఆక్సో-డీగ్రేడబుల్ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అక్కడితో ఆపేయండి. అది మామూలు పాలిథిన్‌లో కోబాల్టో మాంగనీసో కలిపి ముక్కలయ్యేలా చేసింది, ముక్కలు అలాగే ఉంటాయి. యూరప్ 2019లో చేసిన చట్టంతో దాన్ని నిషేధించింది.

సన్నపొర | విజయనగరం

నా వంతు ఒకటి కలుపుతాను. కాగితాలు వచ్చాక కూడా ఒకేసారి లక్ష కవర్లకి ఆర్డరు పెట్టకండి. కొన్ని కవర్లలో మీ పప్పే పోసి, మీరు ఎలా కడతారో అలాగే నైట్రోజన్ నింపి సీలు వేసి, సగం గోదాములో పెట్టండి, సగం నిజంగానే పార్సిల్‌లో హైదరాబాద్ పంపించి తిరిగి తెప్పించుకోండి. పక్కన మామూలు కవర్లు కూడా. నెలకొకటి విప్పి రుచి చూడండి, తూకం వెయ్యండి. బరువు పెరిగిందంటే తేమ దూరినట్టు. సీలు వేడి కూడా సరిచూసుకోవాలి, పాలిథిన్‌కి పెట్టిన వేడే దీనికీ పెడితే పీఎల్‌ఏ ముడుచుకుపోతుంది, ఆ ముడతలోనే పూత పగులుతుంది. చాలామంది కవరు బాగోలేదంటారు గానీ సీలర్ నాబ్ తిప్పడం మర్చిపోయి ఉంటారు.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

నాది కూడా రాసుకోండి. వాడేసిన కవరు ఎక్కడికి పంపాలో షాపువాళ్ళని అడగండి. కుళ్ళే కవరే కావాలని పట్టుబట్టింది వాళ్ళు, ఖాళీ కవర్లు వెనక్కి తీసుకుని కంపోస్ట్ యార్డుకి పంపే బాధ్యత కూడా వాళ్ళే పెట్టుకోవాలి. లేదంటే ఆ ఎక్కువ ధర మీరెందుకు మొయ్యాలి?

పలాస_పప్పు | కాశీబుగ్గ

గట్టు గారూ ఈ మాట నాకు తట్టలేదు, రేపే ఫోన్ చేస్తాను. ధరలో సగం వాళ్ళు మోస్తే చూద్దాం. అతనొచ్చాక కాగితాల్లో ఏముందో ఇక్కడే రాస్తాను, అంకెలు అర్థం కాకపోతే మాస్టారు ఉన్నారు కదా.

భీమాళి_తాండ్ర | ఎల్.కోట

అన్నయ్యా, శాంపిల్ కవర్లు మిగిలితే నాలుగు మాకూ పంపండి. వచ్చే వేసవి తాండ్ర వాటిలో పెట్టి వానాకాలం దాటేదాకా చూస్తాం.

రిటైర్డ్_కెమిస్ట్రీ | శ్రీకాకుళం

రిపోర్టు పెట్టేటప్పుడు అంకె పక్కన యూనిట్ కూడా కనబడేలా ఫోటో తియ్యండి. చదరపు మీటరుకా, వంద చదరపు అంగుళాలకా అన్నది తెలియకపోతే నేను కూడా ఏం చెప్పలేను.